అన్నను పిలిచే పాట

బెనోని దగ్గరి గని, కూలీల బారకాసులు
ఫిబ్రవరి

ఒసే ఖెత్సివే, కొత్త పెళ్ళికూతురా!

నీకు అన్న అనేవాడొకడు ఉన్నాడని గుర్తుందా, లేక గనిలో పూడ్చేశారనుకున్నావా? నీ పెళ్ళి కబురు నాకు మజాహా నోట తెలియాల్సి వచ్చింది. ఆ తిండిపోతు మొన్న ఆదివారం సెలవు నుంచి తిరిగొచ్చాడు. నెత్తిమీద మూటయినా దించకుండా, "ఒరేయ్ సొలానీ, నీ చెల్లెలు ఏడ్చిందిరా!" అన్నాడు. "ఎవరు పోయార్రా?" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు.

"పోవడమేంట్రా గాడిదా! అత్తారింట్లో, షబాంగుల పశువులదొడ్లో ఏడ్చింది. ఒంటికి ఎర్ర జేగురు పూసేశారు, ఇక పెళ్ళయిపోయినట్టే. మా పిన్ని అక్కడే ఉంది. అలాంటి మెకెజా, పెళ్ళికూతురి ఏడుపు పాట, తను పుట్టి బుద్ధెరిగాక వినలేదంది. ముసలాళ్ళు కూడా ముక్కులు చీదుకున్నారట."

ఇంకేముంది, పదిమంది మన ఊరివాళ్ళు నా మంచం చుట్టూ చేరారు. మాలో ఎవడి అక్కచెల్లెళ్ళకు పెళ్ళయినా తెల్లవారకముందు దొడ్లో బల్లెం పట్టుకుని నిలబడి, "అన్నా, నన్ను తీసుకుపో, ఈ పరాయివాళ్ళ మధ్య నన్ను వదిలేశావా" అని ఏడుస్తూ పాడిందే. కానీ నువ్వు పాడినట్టు ఎవరూ పాడలేదట. నా పేరు పెట్టి పిలిచావట కదా! "సొలానీ, నది దాటి రా" అన్నావట. పుట్టింటి పరువు నిలబెట్టావే నా తల్లీ. అప్పట్నుంచి ఇక్కడ ప్రతివాడూ నన్ను చూడగానే, "ఇంకా ఇక్కడే ఉన్నావేంట్రా, వెళ్ళి చెల్లెల్ని తెచ్చుకోరాదూ" అని ఏడిపిస్తున్నాడు.

ఆ సాయంత్రం బారకాసుల ముందు సిబాకా చిందు వేశాం. నా కాలు ఎప్పుడూ లేనంత ఎత్తు లేచింది. డోలు వాయించేవాడు చేతులు నొప్పెట్టి తిట్టాడు.

మీ ఆయన బెకిత్సెంబా ఎలా చూసుకుంటున్నాడు? నాకు వాడు బాగానే గుర్తున్నాడు. పొడుగ్గా ఉంటాడు, మాటకు ముందు దగ్గుతాడు. నాకు చెప్పకుండా చేసుకున్నందుకు నీమీద కోపం లేదులే. ఎర్రమట్టి ఎప్పుడు మీదపడుతుందో ఏ పిల్లకు ముందుగా తెలుస్తుంది గనక!

నువ్వు వాయించే మఖోయానె విల్లుకు తీగ తెగిందని నాయనమ్మ పోయిన ఏడాది అన్నది. ఇక్కడ మంచి ఇత్తడి తీగ దొరుకుతుంది. పంపుతాను. సొరబుర్ర గుండెకు ఆనించుకుని నాకోసం ఒక పాట వాయించు.

నీ అన్న,
సొలాని


కొమాటి నది ఒడ్డు, షబాంగుల ఇల్లు
మార్చి

గౌరవనీయులైన అన్నయ్యకు,

నేను క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. మీ ఉత్తరం రోడ్డుమీది దుకాణానికి వచ్చిందని మా ఆడబిడ్డ తెచ్చి ఇచ్చింది.

ఇక్కడ అందరూ మంచివాళ్ళు. మొక్కజొన్న బాగా పండింది. మా మామగారి పేరు నేను పలకకూడదు, ఆ పేరులా వినిపించే మాటలు కూడా పలకకూడదు. కొత్తకోడలిని గనక పుల్లపాలు ముట్టను. మెల్లగా అలవాటవుతోంది. నన్ను అందరూ లామగగులా అంటారు. మగగులాల ఆడపడుచునని పుట్టింటి పేరే నా పేరయింది. ఖెత్సివే అని పిలిచేవాళ్ళు ఇక్కడ లేరు.

ఆ రోజు నది పొంగింది. లేకపోతే వెళ్ళిపోయేదాన్ని.

తీగ పంపవద్దు. విల్లు మన ఇంట్లోనే ఉంది.

మన చెల్లి సెబెంతిలె బడికి సరిగా వెళుతోందో లేదో ఇంటికి రాసి కనుక్కోండి. అది ఇంకా చిన్నపిల్ల.

లామగగులా


బెనోని
ఏప్రిల్

ఏమే, నువ్వు నాకు రాశావా, స్కూలు ఇన్‌స్పెక్టరుకు రాశావా?

"గౌరవనీయులైన"! "మీరూ క్షేమమని తలుస్తాను"! నీ ఉత్తరం మజాహాకు చదివి వినిపిస్తే, "చిరునామా సరిగా చూశావా? ఇది ఇంకెవరి చెల్లెలో రాసుంటుంది" అన్నాడు. మూడుసార్లు చదివాను. అందులో నువ్వు కనిపించలేదు. నది పొంగకపోతే ఎక్కడికి వెళ్ళిపోయేదానివి? ఆ వాక్యం ఒక్కటే నీ గొంతులా ఉంది.

కొత్త చోట బెంగగా ఉంటుంది, నాకు తెలియదా? నేను మొదటిసారి గనిలోకి దిగినప్పుడు తొట్టిలో కళ్ళు మూసుకుని, నాయనమ్మ వాయించే పాట ముక్కుతో కూనిరాగం తీశాను. పక్కవాడు నేను ఏడుస్తున్నాననుకుని భుజం తట్టాడు.

నీకు గుర్తుందా? నాయనమ్మ మీ ఆడపిల్లలందరినీ దొడ్డి వెనక నిలబెట్టి మెకెజా నేర్పేది. బల్లెం బదులు చీపురుకర్ర ఉండేది నీ చేతిలో. నువ్వు "అన్నా, అన్నా" అని మొదలుపెట్టగానే నేను గోడ దూకి కర్ర తిప్పుకుంటూ వచ్చేవాణ్ణి. నిన్ను చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయేవాణ్ణి. నువ్వు కిలకిల నవ్వుతూ పరిగెత్తేదానివి. నాయనమ్మ పొగాకు ఊసి మరీ తిట్టేది: "ఒరేయ్ వెధవా, నువ్వు రాకూడదురా! ఎవరూ రాకూడదు. అన్న వచ్చేస్తే ఇంక పాటెక్కడిది?"

అప్పుడెంత ఒళ్ళు మండేదో నాకు. పిలుస్తుంటే ఎందుకు రాకూడదు అని వాదించేవాణ్ణి.

ఏమైందో రాయి. నా మీద ఒట్టు.

సొలాని


కొమాటి ఒడ్డు
మే

అన్నా,

ఒట్టు పెట్టావు గనక రాస్తున్నాను. పొయ్యి దగ్గర కూర్చుని రాస్తున్నాను, కాగితం మీద మసి ఉంటే ఏమనుకోకు.

నేను పెళ్ళి చేసుకోవడానికి రాలేదన్నా. బెకికి నేను అల్లి ఇచ్చిన పూసలదండ తిరిగి తీసుకుందామని వచ్చాను. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువుకు పిలుపొచ్చింది. వాడికి నామీద ఆశ పెట్టడం తప్పని, ముఖాముఖి చెప్పేసి వెళ్ళిపోదామని ఒక్కదాన్నే వచ్చాను. చెప్పాను. వాడు దగ్గి, నేలకేసి చూసి, "దండ మా అమ్మ పెట్టెలో ఉంది. పొద్దున ఇస్తుంది" అన్నాడు. అప్పటికే వాన మొదలైంది. రేవు దగ్గరికి వెళ్ళి చూస్తే నీళ్ళు చెట్ల మొదళ్ళ దాకా వచ్చాయి. ఆడబిడ్డల గుడిసెలో పడుకున్నాను.

ఇంకా తెలవారలేదు. బెకి మేనత్తలు వచ్చి దుప్పటి లాగారు. "లే పిల్లా, లే, తెల్లవారుతోంది" అని నవ్వుతున్నారు. నాకు అర్థమైపోయింది. "అత్తా, వద్దు, నేను ఆయనతో చెప్పేశాను" అన్నాను. "ఆహా, ఎంత బాగా సిగ్గుపడుతోందో చూడండి" అన్నారు. పైబట్ట తీసి తోలు కప్పారు. దొడ్లోకి నడిపించారు. చేతిలో బల్లెం పెట్టారు. ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడి పాట ఎత్తుకున్నారు. ఇక నేను ఏడవాలి.

అన్నా, నేను ఏడ్చాను. నిజంగా ఏడ్చాను. "సొలానీ, వచ్చి నన్ను తీసుకుపో" అన్నాను. అవి పాటలో మాటలే. నాకు వేరే మాటలు ఎక్కడున్నాయి? సరిగ్గా అవే నాకు కావలసిన మాటలు. ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా వాళ్ళు వంత పాడారు. నాకు పిచ్చెక్కింది. పాట మానేసి మామూలు మాటల్లో, "నాకు వద్దు, నాకు ఇతను వద్దు, ఇంటికి పంపించండి" అని అరిచాను. మజాహా పిన్ని పక్కావిడతో అంది: "విన్నావా! సొంతంగా కొత్త మాటలు కడుతోంది. ఇంతటి పాటగత్తెను మగగులాలు ఎక్కడ దాచారే!"

బల్లెం విసిరికొట్టాను. నవ్వుతూ తీసి మళ్ళీ చేతిలో పెట్టారు.

నా గొంతు పోయాక, కొవ్వులో కలిపిన జేగురు తెచ్చి ముసలావిడ నా మొహానికీ భుజాలకీ పూసింది. ఆచారం ప్రకారం ఆ ఇంటి పసిబిడ్డను ఒకణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టి వాడికీ పూసింది. ఆ బిడ్డ ఆడుకుంటూ నా చెంప మీది మట్టి తన పొట్టకు రాసుకున్నాడు. అందరూ ముచ్చటపడ్డారు.

నది తగ్గాక నాన్నకు కబురు పంపాను, ఇది జరిగిన తీరు ఇదీ అని. నాన్న దగ్గరనుంచి వచ్చిన జవాబు: "ఎర్రమట్టి పూసిన తరువాత కూతురు నాది కాదు. నీకు బదులు వాళ్ళిచ్చిన పశువులు నా దొడ్లో ఉన్నాయి. అందరూ నీ పాటను మెచ్చుకుంటున్నారు, నా తల ఎత్తుకునేలా చేశావు."

బెకి చెడ్డవాడు కాడు. కొట్టడు. ఆ సంగతి అందరూ నాకు రోజూ చెబుతారు. కానీ నాకు వద్దన్నా. ఆసుపత్రివాళ్ళు నా చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. వచ్చే ఏడు మళ్ళీ అడగొచ్చని రాశారు.

నువ్వు రా. ఇది పాట కాదు. కాగితం మీద, మామూలు మాటల్లో, నీ చెల్లెలు పిలుస్తోంది. నా మూట కట్టి గాదె వెనక పెట్టుకుంటాను. కవరు మీద ఖెత్సివే అని రాయి.

నీ ఖెత్సివే


బెనోని
జూన్

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి బయటికి వెళ్ళి గోడను గుద్దాను. చెయ్యి వాచింది. అందుకే ఈ అక్షరాలు వంకరగా ఉన్నాయి.

నేను చిందేశానే! నువ్వు గొంతు చించుకుని నన్ను పిలిచావని విని, ఇక్కడ డోలు పెట్టించి చిందులేశాను. మజాహాకు నీ ఉత్తరం చూపించాను. వాడు చదివి, మడిచి నా చేతికిచ్చి, మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. వాడు తినకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాన్నకు రాశాను. ఆయన మాట మారదు. మారకపోనీ. నా గని ఒప్పందం గడువు జులై చివరికి పూర్తవుతుంది. ఆ మర్నాడే బస్సెక్కుతాను. మజాహా కూడా వస్తానన్నాడు. నేరుగా షబాంగుల ఇంటికి వస్తాను. మీ మామగారి ముందు కూర్చుని, "నా చెల్లెల్ని తీసుకుపోతున్నాను" అంటాను. ఆ ఒక్క మాటే. తిరిగివ్వాల్సిన పశువుల సంగతి నేను చూసుకుంటాను. ఇంకో రెండేళ్ళు గనిలో దిగితే సరి.

మూట కట్టుకో. ఈ కవరులో ఇత్తడి తీగ చుట్టి పెట్టాను. మనింటికి వెళ్ళాక నీ విల్లుకు నేనే బిగిస్తాను.

వస్తున్నాను. నాయనమ్మ తిట్టినా సరే, ఈసారి గోడ దూకి వస్తున్నాను.

నీ అన్న


కొమాటి ఒడ్డు
ఆగస్టు

అన్నయ్యకు,

నువ్వు చాలా బాగా చిందేశావు.

మా ఇంట్లో ఇంకా అదే మాట. "చెల్లెలు అలా ఏడిస్తే అన్న ఇలా చిందేస్తాడు. మగగులాల రక్తంలోనే పాట ఉంది" అంటున్నారు. మా మామగారు నీకోసం మేకను కోయించారు, నీకు నచ్చిందని సంతోషపడ్డారు.

నువ్వు గేటు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నప్పుడు నేను వంటగుడిసెలో ఉన్నాను. గాదె వెనకకు వెళ్ళి మూట ఉందో లేదో చూసుకుని వచ్చాను. మోకాళ్ళ మీద వచ్చి మీ ముందు కల్లుకుండ పెట్టాను. తలెత్తి నిన్ను చూశాను. నువ్వు నా కడుపు చూశావు. తరవాత కుండలోకి చూశావు.

అయినా అడుగుతావనుకున్నాను. మగవాళ్ళు మొదటి పాట ఎత్తుకున్నారు. ఇది అవగానే అడుగుతాడు అనుకున్నాను. రెండోది ఎత్తుకున్నారు. అప్పుడు బెకి తమ్ముడు నీ చెయ్యి పట్టి లేపాడు. ఇంక నీ పాదాలు నేలను కొట్టే చప్పుడు వింటూ వంటగుడిసెలో కూర్చున్నాను. మనింటి దొడ్లో ఆ అడుగు నువ్వు నేర్చుకుంటుంటే చప్పట్లు కొట్టింది నేనే.

సాయంత్రం మీరు వెళ్ళాక మూట విప్పేశాను. చాప చాప చోట, దుప్పటి దుప్పటి చోట పెట్టాను.

నువ్వు తెచ్చిన చక్కెర అందరికీ నచ్చింది.

లామగగులా


బెనోని
సెప్టెంబరు

ఖెత్సివే,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపేశాను.

బస్సులో ఆ మాట అనుకుంటూనే వచ్చాను. నది దాటేటప్పుడు పైకే అన్నాను, మజాహా విన్నాడు. గేటు దగ్గర కూడా నాలుక మీద ఉంది. మీ మామగారు రెండు చేతులా నా చెయ్యి పట్టుకుని, "నీ చెల్లెలు వచ్చాక మా ఇంట్లో దీపం పెట్టినట్టుంది నాయనా" అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది. కర్ర తీసుకుని వచ్చినా బాగుండేది, నేను కూడా తీసేవాణ్ణి. ఆయన నాకు మేక కోశాడు. నా పేరు పెట్టి, మన తాతల పేర్లు పెట్టి పాట ఎత్తుకున్నాడు. మన తాతల పేర్లు పాటలో వినిపిస్తుంటే కూర్చుని ఉండే మనిషిని ఎక్కడైనా చూశావా? కాళ్ళు వాటంతటవే లేచాయి.

నీ కడుపు చూసి భయపడ్డాను. ఆ మాట కూడా నిజం. ఆ బిడ్డ వాళ్ళ బిడ్డ అవుతుంది, నిన్ను తెస్తే బిడ్డ అక్కడే ఉండాలి అనుకున్నాను. అదంతా నిన్ను అడగాలి గాని, నాలో నేనే తేల్చేసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడ్డాక మజాహా నావైపు తిరిగాడు. అప్పుడు అడిగాడు: "మనం ఆ పిల్లను తేవడానికి కదరా వచ్చాం?"

ఆదివారాలు డోలు మోగితే నేను బారకాసులోనే పడుకుంటున్నాను. నన్ను తిట్టు ఖెత్సివే. ఎంతైనా తిట్టు. చక్కెర సంగతి మాత్రం రాయకు.

సొలాని


కొమాటి ఒడ్డు
జనవరి

అన్నా,

నాలుగు నెలలు నీకు రాయలేదు. కోపంతోనే రాయలేదు. ఆడపిల్ల పుట్టింది. నల్లగా, గట్టిగా ఉంది. ఏడిస్తే కొండ అవతలకు వినిపిస్తుంది. అది ఏడ్చినప్పుడల్లా నేను పని వదిలేసి పరిగెడతాను. "కాసేపు ఏడవనీ, గొంతు బాగుపడుతుంది" అంటుంది మా అత్త. నా వల్ల కాదు.

మొన్న ఒకటి జరిగింది. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను.

బెకి తమ్ముడు ఒక పిల్లను తీసుకొచ్చాడు, తెంగెతిలె అని. తెల్లవారుజామున మేనత్తలు నా తలుపు కొట్టారు. "లామగగులా, లే. నువ్వు లేకుండా ఎలా? నువ్వే ముందుండి పాడాలి. ఆ పిల్లకు నీ గాలి సోకాలి" అన్నారు. బిడ్డను వీపున కట్టుకుని వెళ్ళాను. అదే దొడ్డి, అదే బల్లెం. ఆ పిల్ల తోలు కప్పుకుని వణుకుతూ నిలబడి ఉంది. "అన్నలారా, నది దాటి రండి" అని ఎత్తుకుంది. కళ్ళవెంట నీళ్ళు ధారలు. ఆడవాళ్ళు వంత పాడారు.

వరస వదిలి ఆ పిల్ల దగ్గరికి నడిచాను. అలా ఎవరూ నడవరు. పాట ఎక్కడికక్కడ ఆగిపోయింది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి అడిగాను: "చూడు పిల్లా, ఇది పాటా, నిజంగానే ఏడుస్తున్నావా? నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. నిన్ను ఇక్కణ్ణుంచి బయటికి నేను తీసుకెళ్తాను."

నా వెనక ఒక ఆవు నెమరు వేస్తోంది.

ఆ పిల్ల నోరు తెరిచి నన్ను చూసింది. తరవాత ఫక్కున నవ్వింది. "అయ్యో అక్కా, పాటే! ఆయనంటే నాకు ప్రాణం. మీరలా అడిగితే నవ్వొస్తోంది, నవ్వితే అంతా చెడిపోతుంది, మా అమ్మ తిడుతుంది" అంది.

ఇంక చూడాలి వాళ్ళ నవ్వులు! పొట్టలు పట్టుకుని ఒకరిమీద ఒకరు పడ్డారు. "పెళ్ళికూతుర్ని పట్టుకుని ఏడుస్తున్నావా అని అడుగుతుందేమిటే ఇది!" అంది ఒకావిడ. "బాలింత కదా, మతి తప్పింది పాపం" అంది మా అత్త. నేను కూడా నవ్వాను. వెళ్ళి నా చోట నిలబడ్డాను. పిల్ల మళ్ళీ ఎత్తుకుంది. జేగురు పూశారు. అందరికన్నా గట్టిగా నేనే పాడాను.

అంతేనన్నా. అడగడానికి అంతసేపే పట్టింది. ఒక్క మాట అడిగాను, ఒక్క మాట చెప్పింది, పాటకు ఏమీ కాలేదు. నా రోజున ఆ దొడ్డినిండా ఆడవాళ్ళు ఉన్నారు. అందరూ అమ్మలే, అందరూ ఒకప్పుడు ఆ బల్లెం పట్టుకున్నవాళ్ళే. ఒక్కరు అడిగి ఉంటే చాలు. వాళ్ళందరి నవ్వులు విని ఇంటికొచ్చి, తలుపేసుకుని ఏడ్చాను. బిడ్డ నిద్రలేచి నన్ను చూస్తూ ఉండిపోయింది.

నిన్ను తిట్టమన్నావు. తిట్టడానికి కూర్చుంటే నువ్వు చీపురుకర్ర నా చేతిలోంచి లాక్కుని నన్ను ఈడ్చుకుపోవడమే గుర్తొస్తోంది. అప్పుడు నాయనమ్మ మాట వినకుండా వచ్చేవాడివి. ఎప్పుడు నేర్చుకున్నావన్నా వినడం?

ఇంక రావద్దు. నేను బిడ్డను వదిలి రాను.

సెబెంతిలెతో నా విల్లు ఇక్కడికి పంపించు. నువ్వు పంపిన తీగ నేనే బిగించుకుంటాను. మాటలు లేకుండా వాయించుకుంటాను. నా మాటలు వింటే ఇక్కడివాళ్ళు బాగుందంటారు.

ఒక్కటి మాత్రం చెయ్యి. సెబెంతిలె ఎదుగుతోంది. ఎప్పుడో ఒక తెల్లవారుజామున అది కూడా ఏదో దొడ్లో నిలబడి నీ పేరు పెట్టి పిలుస్తుంది. నువ్వు ఏ గనిలో ఉన్నా ఎక్కి రా. పాట అయ్యేదాకా ఆగకు. అందరి మధ్యలోంచి నడిచి వెళ్ళి, గడ్డం పట్టుకుని అడుగు. అది నవ్వితే నువ్వూ నవ్వి తిరిగి వచ్చెయ్యి.

నవ్వకపోతే తీసుకొచ్చెయ్యి.

నీ చెల్లెలు,
ఖెత్సివే